కోలుకున్న గుర్రంలోనూ దాగి ఉండే రక్త పరాన్నజీవి

జంషెడ్‌పూర్: ఉక్కు నగరంగా పేరొందిన జంషెడ్‌పూర్‌లో గుర్రం ఇంకా కనుమరుగు కాలేదు. టాటా స్టీల్ ఆధ్వర్యంలో ఇక్కడ గుర్రపుస్వారీ పాఠశాల ఉన్నది. ఉత్తర, తూర్పు భారతంలోని ఇతర పట్టణాలలో వలెనే ఇక్కడా పెళ్లి ఊరేగింపులలో వరుడు గుర్రమెక్కడం ఆనవాయితీ. ఒకటి రెండు గుర్రాలపై ఆధారపడి జీవించే యజమానికి పెళ్లిళ్ల కాలంలో గుర్రం జబ్బుపడటమంటే ఏడాది రాబడికి గండి పడటమే. అటువంటి జబ్బులలో ‘పైరోప్లాస్మోసిస్’ ఒకటి. తెలంగాణలో గోమార్లుగా పిలిచే పిడుదుల ద్వారా ఇది ప్రధానంగా వ్యాపిస్తుంది. జ్వరం తగ్గి గుర్రం తిరిగి పనిలోకి వచ్చినా, దాని రక్తంలో పరాన్నజీవి మిగిలిపోవచ్చు. ఈ వ్యాధిని అదుపు చేయడం కష్టం కావడానికి మూలకారణం ఇదే.

రెండు పరాన్నజీవులు

ఈ వ్యాధిని ప్రధానంగా రెండు సూక్ష్మజీవులు కలిగిస్తాయి. ఒకటి థైలేరియా ఈక్వి, రెండవది బబేసియా కబల్లి. రెండూ ఏకకణ జీవులే. రెండూ ఎర్ర రక్తకణాలలో చేరి వృద్ధి చెంది, వాటిని ఛేదించుకొని బయటపడతాయి. గుర్రాలతో పాటు గాడిదలు, కంచర గాడిదలు, చారల గుర్రాలు కూడా వీటి బారిన పడతాయి. థైలేరియా ఈక్విని చాలాకాలం బబేసియా జాతిగానే లెక్కించారు. ఎర్ర రక్తకణాలలోకి ప్రవేశించడానికి ముందు అది తెల్ల రక్తకణాలలో కొంతకాలం పెరుగుతుందని తేలడంతో 1998లో దానిని థైలేరియాగా పునర్వర్గీకరించారు. భారతదేశంలో ఎక్కువగా కనిపించేది ఇదే.

పిడుదు పాత్ర

గుడ్డు నుంచి వెలువడిన పిడుదు రెండు పిల్ల దశలు దాటి పెద్దదవుతుంది. ప్రతి దశలోనూ దానికి రక్తాహారం అవసరం. థైలేరియా ఈక్వి ఒక దశలో పిడుదులో ప్రవేశించి, తరువాతి దశలో మరొక గుర్రానికి చేరుతుంది. అయితే సాధారణంగా తల్లి పిడుదు నుంచి గుడ్లకు సంక్రమించదు. అందువలన దీనికి అసలైన స్థావరం గుర్రమే. బబేసియా కబల్లి మాత్రం గుడ్ల ద్వారా తరువాతి తరం పిడుదులకూ అందుతుంది. అంటే గుర్రాలు లేని సమయంలోనూ పిడుదులలో అది నిలిచి ఉండగలదు.

హయలోమా, రైపిసెఫాలస్, డెర్మాసెంటర్ వర్గాలకు చెందిన పిడుదులు ఈ పరాన్నజీవులకు ముఖ్య వాహకాలు. పశువుల మీద సర్వసాధారణంగా కనిపించే రైపిసెఫాలస్ మైక్రోప్లస్ కూడా థైలేరియా ఈక్విని మోయగలదని ప్రయోగాలలో నిరూపితమైంది. ఆవులు, ఎద్దులు కట్టే కొట్టంలోనే గుర్రాన్నీ కట్టే చోట ఇది గమనించవలసిన విషయం. గుర్రం ఒంటిని మాత్రమే శుభ్రపరచి, పక్కనున్న పశువులను వదిలివేస్తే పిడుదులు మళ్లీ ఎక్కుతాయి.

పిడుదు కరిచిన వెంటనే సంక్రమణ జరగాలని లేదు. చాలా సందర్భాలలో పిడుదు రక్తం పీల్చడం మొదలుపెట్టిన తరువాతనే దాని లాలాజల గ్రంథులలో పరాన్నజీవి పక్వమవుతుంది. ఇందుకు సాధారణంగా కొన్ని రోజులు పడుతుంది. కనుక ప్రతిరోజూ చెవుల లోపల, జూలు కింద, తోక మొదట, తొడల మధ్య వెతికి పిడుదులను తీసివేయడం ప్రయోజనకరం.

సూది ద్వారా వ్యాప్తి

పిడుదు లేకున్నా ఈ వ్యాధి ఒక గుర్రం నుంచి మరొకదానికి చేరగలదు. ఒకే సూదిని, సిరంజిని పలు గుర్రాలకు వాడినా, పరీక్షించని రక్తం ఎక్కించినా సోకుతుంది. అమెరికాలో 2009లో దక్షిణ టెక్సాస్‌లోని ఒక పెంపక క్షేత్రంలో నాలుగు వందలకు పైగా గుర్రాలకు సోకినట్లు తేలింది. అక్కడ పిడుదులు కారణం కాగా, తరువాత దేశవ్యాప్తంగా జరిపిన పరీక్షలలో పలు పందెపు గుర్రాలకు సూదుల పునర్వినియోగం వల్ల సోకినట్లు గుర్తించారు. థైలేరియా ఈక్వి తల్లి గర్భం నుంచి పిల్లకు కూడా సంక్రమిస్తుంది. దానివలన గర్భస్రావాలు జరిగే అవకాశమున్నది.

లక్షణాలు

థైలేరియా ఈక్వి సోకిన 12 నుంచి 19 రోజులలో, బబేసియా కబల్లి సోకిన 10 నుంచి 30 రోజులలో లక్షణాలు బయటపడతాయి. జ్వరం తరచుగా 40 డిగ్రీల సెల్సియస్ దాటుతుంది. మేత మానడం, నీరసం, ఆయాసం, కాళ్ల వాపు, కళ్లు పాలిపోవడం లేదా పసుపుపచ్చగా మారడం కనిపిస్తాయి. కొన్ని గుర్రాలలో మూత్రం ఎర్రగా లేదా ముదురు గోధుమ రంగులో వస్తుంది. రక్తకణాలు పెద్దయెత్తున పగిలిపోతున్నాయనడానికి అది సంకేతం. వ్యాధి లేని ప్రాంతం నుంచి కొత్తగా తెచ్చిన గుర్రాలకు ముప్పు అధికం.

పరీక్ష, చికిత్స

జ్వరం తీవ్రంగా ఉన్నప్పుడు రక్తపు పూతను సూక్ష్మదర్శినిలో చూస్తే పరాన్నజీవి కనిపించవచ్చు. కోలుకున్న గుర్రంలో వాటి సంఖ్య అత్యల్పం కావడంతో పూతలో దొరకవు. అప్పుడు ప్రతిరక్షకాలను గుర్తించే ఎలీసా, జన్యుపదార్థాన్ని గుర్తించే పీసీఆర్ పరీక్షలు అవసరం. బబేసియా కబల్లి కొన్నేళ్లకు దానంతట అదే తొలగిపోవచ్చు. థైలేరియా ఈక్వి మాత్రం సాధారణంగా జీవితాంతం ఉంటుంది.

ఇమిడోకార్బ్, డిమినజీన్ మందులు జ్వరాన్ని అదుపు చేస్తాయి. అయితే థైలేరియా ఈక్విని పూర్తిగా తొలగిస్తాయన్న భరోసా లేదు. ఇమిడోకార్బ్ వల్ల కడుపునొప్పి వంటి దుష్ఫలితాలు కలుగుతాయి. గాడిదలకు అది మరింత ప్రమాదకరం. అందువలన పశువైద్యుల పర్యవేక్షణ లేకుండా వాడరాదు. వ్యాధి నివారణకు టీకా అందుబాటులో లేదు.

దేశంలో పరిస్థితి

2019 పశుగణన ప్రకారం దేశంలో గుర్రాలు, పొట్టి గుర్రాలు కలిపి సుమారు 3.4 లక్షలు, 2012తో పోలిస్తే ఇది 45 శాతానికి పైగా తగ్గుదల. హర్యానాలోని హిస్సార్‌లో గల జాతీయ అశ్వ పరిశోధన కేంద్రం ఈ వ్యాధి నిర్ధారణపై ఏళ్లుగా కృషి చేస్తున్నది. ప్రపంచ జంతు ఆరోగ్య సంస్థ 2025లో దానిని పైరోప్లాస్మోసిస్‌కు రెఫరెన్స్ ప్రయోగశాలగా గుర్తించింది. అదే ఏడాది మీరట్‌లోని సైనిక పశువైద్య కేంద్రంలో, పైరోప్లాస్మోసిస్ సహా పలు అశ్వవ్యాధులు లేని ప్రత్యేక విభాగానికి కూడా గుర్తింపు లభించింది. వ్యాధిరహిత దేశాలు పరీక్షలో నెగటివ్ వచ్చిన గుర్రాలనే సాధారణంగా అనుమతిస్తాయి. కనుక పోటీలకు గుర్రాలను విదేశాలకు పంపడానికి ఇది కీలకం.

యజమానులు పాటించవలసినవి

కొత్త గుర్రాన్ని కొనే ముందు రక్తపరీక్ష చేయించాలి. ఫలితం వచ్చే వరకు వేరుగా కట్టాలి. ప్రతి గుర్రానికీ కొత్త సూది, కొత్త సిరంజి వాడమని కోరాలి. కొట్టం గోడల పగుళ్లు పూడ్చాలి. పక్కనున్న పశువులకూ పిడుదుల మందు వేయించాలి. జ్వరం, ఎర్రని మూత్రం కనిపిస్తే గుర్రాన్ని ఊరేగింపునకు పంపక సమీప పశువైద్యశాలకు తీసుకువెళ్లాలి. జార్ఖండ్‌లో రాంచీ సమీపంలోని కాంకే పశువైద్య కళాశాల ఉన్నది. ఈ వ్యాధి గుర్రాన్ని తాకడం వల్ల మనుషులకు సోకదు. రోగి గుర్రానికి సేవ చేయడానికి భయపడనవసరం లేదు. పరీక్షలో పాజిటివ్ వచ్చిన గుర్రం పనికిరానిదని కూడా భావించనక్కరలేదు. పిడుదులు చేరకుండా, సూది పంచుకోకుండా చూసుకుంటే అది చాలాకాలం పనిచేయగలదు; దాని రక్తం మరొక గుర్రాన్ని చేరదు.