పురుటి మంచం నుంచి 108 దాకా

ప్రతి ఏడాది ఈ పుస్తకంలో పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజి లెక్కలు చదువుతాం. ఈసారి మన చీమకుర్తి వైపు కాన్పుల చరిత్ర రాయమని నాకు చెప్పారు. నేను చదివింది పదో తరగతి. మా అమ్మమ్మ చెప్పినవి, ఏఎన్ఎం అక్క చెప్పినవి, చదివి తెలుసుకున్నవి కలిపి రాస్తున్నాను.

అమ్మమ్మ కాలంలో కాన్పంటే వెనక గది, నులక మంచం, మంత్రసాని. మంత్రసానుల్ని నేను తక్కువ చేయను. పొట్ట మీద చెయ్యి పెట్టి బిడ్డ తల కిందకుందో అడ్డం తిరిగిందో చెప్పేవాళ్లు. కానీ కొన్నిటికి వాళ్ల దగ్గర మందు లేదు. నెత్తురు ఆగకపోవడం, ఫిట్స్ రావడం (పెద్దవాళ్లు గుర్రపువాతం అనేవాళ్లు), నొప్పులు రెండు రోజులైనా బిడ్డ రాకపోవడం, తర్వాత సూతిక జ్వరం. ఈ జ్వరం చేతుల మురికి వల్ల వస్తుందని వియన్నా ఆసుపత్రిలో సెమ్మెల్‌వైస్ అనే డాక్టరు 1847లోనే చూపించాడు. చేతులు మందు నీళ్లతో కడిగిస్తే చావులు ఒక్కసారిగా తగ్గిపోయాయి. మన ఇళ్లలో మాత్రం ఆ తర్వాత నూరేళ్లకి కూడా బొడ్డు కొడవలితోనే కోశారు.

ఆడ డాక్టరు మన వైపుకి మొదట వచ్చింది గుంటూరుకి. అన్నా కుగ్లర్ అనే అమెరికా డాక్టరమ్మ 1883లో వచ్చింది. మగ డాక్టరుకి చూపించుకోని ఆడవాళ్లకి ఆమే దిక్కయింది. 1890ల చివర్లో అక్కడ ఆసుపత్రి లేచింది. 1930లో చనిపోయేదాకా ఆమె గుంటూరులోనే ఉంది. ఒంగోలు తాలూకా 1904లో నెల్లూరు జిల్లా నుంచి గుంటూరు జిల్లాలో కలిసింది, 1970లో మన జిల్లా ఏర్పడేదాకా అందులోనే ఉంది. అంటే గుంటూరు మన జిల్లా ఊరే. కానీ నొప్పులు పడే మనిషిని బండి మీద గుంటూరు ఎవరు తీసుకెళ్తారు?

మా పిన్ని సంగతి చెప్తాను. నేను ఆరో తరగతి చదివేటప్పుడు, మిరపకోతల రోజుల్లో. బాబాయి కాయల లోడుతో గుంటూరు యార్డుకి పోయి ఉన్నాడు. రాత్రి పదకొండింటికి ఇంట్లోనే మగబిడ్డ పుట్టాడు. మాయ కూడా పడింది. నెత్తురు మాత్రం ఆగలేదు. "చెడు నెత్తురు పోవాలిగా, అదే తగ్గిద్ది" అని అత్త పాత చీరలు మారుస్తా కూర్చుంది. ఒంటిగంటకి పిన్నికి కళ్లు తిరిగాయి. మగాళ్లు లేకుండా ఎట్లా కదిలేది అని ఒక గంట. కమ్మలు తాకట్టు పెట్టి డబ్బులు తేవడానికి ఇంకో గంట. ట్రాక్టరు దొరికేసరికి నాలుగు. ఒంగోలు 20 కిలోమీటర్లు. కర్నూలు రోడ్డు మీదనే చేతులు చల్లబడ్డాయి. ఆమెకి ఇరవై రెండేళ్లు. బిడ్డని అమ్మమ్మ పెంచింది.

కాన్పు తర్వాత నెత్తురు గట్టిగా పోతే రెండు గంటల్లోనే ప్రాణం పోవచ్చని సమాఖ్య ట్రైనింగులో విన్నప్పుడు నేను వేళ్ల మీద లెక్కపెట్టుకున్నాను. పదకొండు నుంచి నాలుగు. ఐదు గంటలు. ఆ ట్రైనింగులో మూడు ఆలస్యాలు చెప్పారు: పోదామని అనుకోవడంలో, అక్కడికి చేరడంలో, చేరాక వైద్యం అందడంలో. పిన్ని మొదటి రెండింటికే పోయింది.

రెండో ఆలస్యాన్ని 2005 తర్వాత చాలా తగ్గించారు. ఆ ఏడాది జననీ సురక్ష వచ్చింది, ఆశా వర్కర్లు వచ్చారు, ఆగస్టు 15న 108 బండ్లు మొదలయ్యాయి. 2008లో ఒంగోలులో రిమ్స్ వచ్చింది. లక్ష మంది బిడ్డలు ప్రాణాలతో పుడితే మన రాష్ట్రంలో 2001-03లో 195 మంది తల్లులు చనిపోయేవాళ్లు. 2018-20కి అది 45. సంతోషమే. కానీ బండికి ఫోన్ చేయాల్సింది ఇంట్లోవాళ్లేగా. మొదటి ఆలస్యం ఏ బండికీ ఎక్కదు.

అందుకే మా గ్రూపులో ఎనిమిదో నెల పడగానే మినిట్స్ బుక్కులో ఆమె పేరు, బ్లడ్ గ్రూపు, నెత్తురు ఇచ్చే ఇద్దరి పేర్లు, వెంట పోయే మనిషి పేరు రాస్తున్నాం. రాత్రిపూట మీటింగు లేకుండానే లీడరు సంతకంతో 5,000 రూపాయలు తీయొచ్చని తీర్మానం ఉంది. పోయిన ఏడాది ఒకామెకి తలనొప్పి, ముఖం వాపు, కళ్లు మసకలు. దిష్టి అన్నారు ఇంట్లో. మేం నలుగురం పోయి ఆసుపత్రికి ఎక్కించాం. బీపీ బాగా ఎక్కువుంది. ఫిట్స్ రాకుండా మెగ్నీషియం ఇంజెక్షన్ చేశారు. తల్లీబిడ్డా ఇద్దరూ ఇంటికొచ్చారు. ఆ అత్త ఇప్పుడు నాకు కనపడితే మాట్లాడదు, అది వేరే సంగతి.

ఒకటి మిగిలింది. గ్రానైట్ క్వారీల దగ్గర గుడిసెల్లో వేరే రాష్ట్రాల నుంచి వచ్చిన ఆడవాళ్లు ఉన్నారు. వాళ్లలోనూ కడుపుతో ఉన్నవాళ్లు ఉంటారు. ఏ గ్రూపులోనూ లేరు కాబట్టి ఏ మినిట్స్ బుక్కులోనూ వాళ్ల పేర్లు లేవు. చాలామందికి మన భాష కూడా రాదు. వాళ్ల పేర్లు ఎవరు రాయాలి, రాత్రి ఫోన్ ఎవరికి చేయాలి అన్నది వచ్చే నెల సమాఖ్య మీటింగులో పెడుతున్నాను. క్వారీ దగ్గర ఊళ్ల లీడర్లు తప్పకుండా రావాలి.