టాక్టికల్ మ్యాపింగ్

టాక్టికల్ మ్యాపింగ్ అంటే ఒక హక్కుల ఉల్లంఘనను నిలబెడుతున్న మనుషులు, సంస్థల మధ్య సంబంధాలను పటంగా గీసి, ఎక్కడ జోక్యం చేసుకోవాలో తేల్చే పద్ధతి. అమెరికాలోని మినియాపొలిస్‌లో 1985లో ఏర్పడిన చిత్రహింసల బాధితుల కేంద్రం, 1999లో మొదలుపెట్టిన న్యూ టాక్టిక్స్ ఇన్ హ్యూమన్ రైట్స్ కార్యక్రమం ద్వారా దీన్ని ప్రచారంలోకి తెచ్చింది.

పటం నడిమధ్యన ఇద్దరే ఉంటారు: హింసించే వ్యక్తి, హింసకు గురైన వ్యక్తి. అక్కడినుంచి గీతలు బయటికి సాగుతాయి. ఒకవైపు పై అధికారి, మంత్రిత్వ శాఖ, నిర్బంధితులను పరీక్షించే వైద్యుడు, నిధులిచ్చే విదేశీ ప్రభుత్వం. మరోవైపు కుటుంబం, న్యాయవాది, ఇరుగుపొరుగు. ఒక్కో గీత వెనుక ఉన్నది అధికారమా, డబ్బా, భయమా అని విడిగా గుర్తిస్తారు. పోలీసుల మీదే చూపు నిలిపిన ఉద్యమానికి, గాయాలను నమోదు చేయని వైద్యుడు కూడా ఆ గొలుసులో ఒక లంకేనని కనబడడం ఈ పద్ధతి అసలు బలం.

ఇలాంటి గొలుసు ఒకటి టర్కీలో అనుకోకుండా బయటపడింది. 1996 నవంబరు 3న సుసుర్లుక్ దగ్గర ప్రమాదానికి గురైన కారులో పోలీసు ఉన్నతాధికారి, పార్లమెంటు సభ్యుడు, పరారీలో ఉన్న నేరస్థుడు కలిసి ప్రయాణిస్తున్నారు. ఆ బంధాలపై నిరసనగా 1997 ఫిబ్రవరి 1 నుంచి ప్రజలు రాత్రి 9 గంటలకు నిమిషం పాటు ఇళ్లలో దీపాలు ఆర్పారు.