కూరగాయలావిడ ఏమంటుంది?

మొన్న మా అక్క కూతురు స్కూలు కోసం నాటకం రాసింది. అందులో కూరగాయలావిడ కూడా "నేను వెళ్ళుచున్నాను" అంటుంది! టీచరమ్మ అలాగే రాయమందట.

అసలీ గొడవ ఎప్పుడో తేలిపోవాల్సింది. 1892లోనే విజయనగరంలో 'కన్యాశుల్కం' ఆడారు, అదీ వాడుక భాషలో. 1897లో అచ్చయింది. గురజాడ అంతటితో వదల్లేదు, 1909 నాటికి దాదాపు తిరగరాశారు (మన భాషలో వెర్షన్ టూ అన్నమాట). గిరీశం కోతలు వేరు, అగ్నిహోత్రావధానులు అరుపులు వేరు. పేర్లు తీసేసినా ఎవరి మాటో ఇట్టే తెలిసిపోతుంది.

అదే పరీక్ష పిల్లకీ పెట్టా. పేర్లు చేత్తో మూసి చదివితే ఎవరిదే మాటో తనకే తెలీలేదు. తిరగరాసింది. ఇప్పుడు కూరగాయలావిడ "నాకు గిట్టదమ్మా" అంటోంది. మార్కులు పోతాయేమోనని మాత్రం పిల్లకింకా బెంగే.