మొదటి పాఠం ఆదివాసీలదే

రామగిరి ఖిల్లా గురించి పిల్లలకు చెప్పమంటే మనం రాజులతోనే మొదలుపెడతాం. కోట గోడలు, బురుజులు, దర్వాజాలు చూపిస్తాం. ఆ గుట్టకు మందుమొక్కల వల్ల కూడా అంతే పేరుంది. ఏ ఆకు పుండు మాన్పుతుందో, ఏ వేరు జ్వరం తగ్గిస్తుందో, ఏ గడ్డ తినొచ్చో, ఏ కాయ ముట్టకూడదో మొదట తెలుసుకున్నది ఎవరు? రాజులు రాకముందే ఆ గుట్ట ఎక్కి దిగినవాళ్ల బొమ్మ మన బడి పుస్తకంలో ఎక్కడుంది?

సరిగ్గా ఈ ప్రశ్న చుట్టూ పిల్లల కోసం ఒక బొమ్మల పుస్తకం రాసిన తెలంగాణ రచయిత కంచ ఐలయ్య. 1952లో వరంగల్ జిల్లా పాపయ్యపేటలో గొర్రెలు కాచే కుటుంబంలో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో రాజనీతిశాస్త్రం బోధించారు. 1996లో వచ్చిన 'వై ఐ యామ్ నాట్ ఎ హిందూ' వల్ల ఆయన పేరు దేశమంతా తెలిసింది. ఆ పుస్తకంపై జరిగిన వాదాలు చాలామందికి తెలుసు. 2007లో నవయాన ప్రచురించిన ఆయన పిల్లల పుస్తకం గురించి మాత్రం మన టీచర్లలో కూడా తెలిసినవాళ్లు తక్కువ. దాని పేరు 'టర్నింగ్ ద పాట్, టిల్లింగ్ ద ల్యాండ్'. కుండ తిప్పడం, నేల దున్నడం అని అర్థం. మన కాలంలో శ్రమ గౌరవం గురించి అని కింద ఇంకో మాట ఉంటుంది.

అది వచ్చిన కాలాన్ని గుర్తు చేసుకోవాలి. 2006లో ఉన్నత విద్యాసంస్థల్లో వెనుకబడిన తరగతుల రిజర్వేషన్లకు వ్యతిరేకంగా పెద్ద చదువులు చదివే విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. నిరసనగా రోడ్లు ఊడ్చారు, బూట్లు పాలిష్ చేశారు. రిజర్వేషన్లు వస్తే మాకు ఇదే గతి అని చెప్పడం వాళ్ల ఉద్దేశం. ఊడ్చే పని, తోలు పని చేసి బతికే కోట్లమందిని అది ఎంత చిన్నచూపు చూడటమో వాళ్లకు తోచలేదు. చేతి పని అంటే సిగ్గుపడాలని చిన్నప్పుడే నేర్చుకున్న చదువు అది. అందుకే శ్రమ పాఠం పిల్లల దగ్గరే మొదలు కావాలి.

ఐలయ్య పుస్తకంలో తోలు పని చేసేవాళ్లు, కుమ్మరులు, రైతులు, నేతగాళ్లు, చాకళ్లు, మంగళ్లు ఒక్కొక్కరూ వస్తారు. ఒక్కో పని వెనుక ఎంత తెలివి ఉందో ఆయన వివరిస్తారు. ఆ వరుసలో మొదటి అధ్యాయం ఆదివాసీలది. మనిషి తిండిని వెతికి, రుచి చూసి, మంచిదేదో చెడ్డదేదో తేల్చుకున్న తొలి గురువులు ఆదివాసీలని ఆయన వాదన.

ఈ మాట మన ఇళ్లలో పరీక్షించి చూడవచ్చు. అడవిలో కొన్ని గడ్డలు పచ్చిగా తింటే గొంతు మండుతుంది, ప్రాణానికే ముప్పు రావచ్చు. వాటిని పల్చగా కోసి, పారే నీళ్లలో నానబెట్టి, చేదు పోయాక ఉడకబెట్టి తినే పద్ధతి మన అవ్వలకు తెలుసు. ఎన్నాళ్లు నానాలి, ఎన్ని నీళ్లు మార్చాలి అనేది ఒక్కరోజులో తేలిన సంగతి కాదు. ఎన్నో తరాలు చేసి చూసి, తప్పిన చోట దిద్దుకుంటూ వచ్చాయి. ప్రయోగశాలలో జరిగితే దీన్నే సైన్సు అంటాం. ఇప్పపువ్వు ఎండబెట్టి దాచడం, మొర్రిగింజ పగలగొట్టి సారపప్పు తీయడం కూడా ఇలాంటి చదువులే.

ఆ పుస్తకానికి బొమ్మలు వేసినామె కూడా మన మనిషే. మధ్యప్రదేశ్ మండ్లా జిల్లాలో పుట్టిన ప్రధాన్ గోండు కళాకారిణి దుర్గాబాయి వ్యామ్. పండుగలకు, పెళ్లిళ్లకు ఇంటి గోడల మీద, నేల మీద వేసే దిగ్నా ముగ్గులు చిన్నప్పుడే ఇంట్లో నేర్చుకున్నారు. 2011లో భర్త సుభాష్ వ్యామ్‌తో కలిసి అంబేద్కర్ జీవితాన్ని 'భీమాయణ'గా బొమ్మల్లో చెప్పారు. 2022లో ఆమెకు పద్మశ్రీ వచ్చింది.

ప్రధాన్లు మనకు కొత్తవాళ్లు కారు. ఆదిలాబాద్‌లో కిక్రి వాయిస్తూ గోండుల వంశకథలు పాడేది వాళ్లే. మధ్యప్రదేశ్ ప్రధాన్లలో ఆ పాట కాగితం మీద బొమ్మగా మారడానికి దారి వేసింది పాటన్‌గఢ్‌కు చెందిన జన్‌గఢ్ సింగ్ శ్యామ్. 1980ల మొదట్లో చిత్రకారుడు జె.స్వామినాథన్ ఆయనను భోపాల్‌లోని భారత్ భవన్‌కు తీసుకుపోయారు. ఆయన వెనుకే బంధువులు, ఊరివాళ్లు కుంచె పట్టారు.

వాళ్లలో భజ్జు శ్యామ్ ఒకరు. ఒక హోటల్ గోడలకు బొమ్మలు వేయడానికి లండన్ పోయి, అక్కడ చూసినవన్నీ తన అడవి కళ్లతో గీశారు. 2004లో అవి 'ద లండన్ జంగిల్ బుక్'గా వచ్చాయి. అందులో భూమి లోపల నడిచే రైలు వానపాముగా ఉంటుంది. పెద్ద గడియారం కోడిపుంజుతో కలిసిపోతుంది. రెండూ పొద్దు చెప్పేవే గదా!

ఇప్పుడు మన బొగ్గు నేల వైపు చూద్దాం. 1889లో ఇల్లెందు దగ్గర తవ్వకం మొదలైంది. 1960ల మొదట్లో గోదావరిఖని బాయిలు వచ్చాయి. ఆ తర్వాత ఓపెన్‌కాస్టులు, మట్టి గుట్టలు. రామగిరి చుట్టూ పెరిగే పిల్లలు బాయి సైరను వింటూ, డంపర్లను చూస్తూ పెరుగుతున్నారు. భూగర్భ రైలు వానపాము అయితే, తాత దిగిన బాయి మన పిల్లల చేతిలో ఏమవుతుంది? మట్టి గుట్ట ఏ జంతువు అవుతుంది? ఆ బొమ్మ మన పిల్లలే గీయాలి.

ఐలయ్య పుస్తకం మనకు గౌరవంతో మొదటి చోటు ఇచ్చింది. అయినా అందులో బొమ్మ ఆదివాసీది, మాట ఇంకొకరిది. పైగా అది ఇంగ్లీషులో రాసిన పుస్తకం. మాటా బొమ్మా రెండూ మనవే అయిన పుస్తకాలు మన బడుల్లోకి రావాలి. నాయకపోళ్లు లక్ష్మీదేవర కోసం చెక్కతో చేసి రంగులు వేసే ముఖాలు ఉన్నాయి. గోండు, కోయ ఇళ్లలో కథలున్నాయి. గుట్ట మీది ఆకుల పేర్లు ఇంకా కొందరు పెద్దల నోట ఉన్నాయి. ఆ పెద్దలు పోతే ఆ పేర్లూ పోతాయి.

టీచర్లు దీన్ని ఈ ఏడాదే మొదలుపెట్టవచ్చు. ఒక్కో పిల్ల ఇంట్లో అవ్వనో తాతనో అడిగి ఒక్క మొక్క సంగతి తేవాలి. పేరు మన భాషలో రాసి, కింద తెలుగులో రాయాలి. పక్కన బొమ్మ వేయాలి. మందుగా వాడే తీరు పెద్దలు చెప్పినంతవరకే రాయాలి, చెప్పినవారి పేరు కింద పెట్టాలి. ఇరవై మంది పిల్లలుంటే ఇరవై పేజీలవుతాయి. దారంతో కుట్టి బడి బీరువాలో పెడితే రామగిరి చరిత్రకు అది కూడా ఒక పుస్తకమే.