డ్యాష్‌బోర్డులో కాగితం ఎవరి కోసం?

బండి ఆపగానే సి బుక్కు, లైసెన్సు, ఇన్సూరెన్సు, పొల్యూషన్ అంటూ ఒక్కొక్కటే అడగడం మన రోడ్ల మీద పాత అలవాటు. అందుకే ఇన్సూరెన్సు కాగితం పోలీసుకో బ్రేక్ ఇన్‌స్పెక్టరుకో చూపించడానికే పుట్టిందన్న అభిప్రాయం నాటుకుపోయింది. చట్టాలు తిరగేస్తే వేరే సంగతి తేలుతుంది. మామూలు బీమాలో పక్షాలు రెండే: సొమ్ము కట్టినవాడు, కంపెనీ. మోటారు వచ్చాక మూడో మనిషి తయారయ్యాడు, బండి కింద పడ్డవాడు. పాలసీ ఏ కంపెనీదో, అసలు ఉందో లేదో తెలుసుకునే దారి అతనికి లేదు. బ్రిటన్ 1930 నాటి రోడ్ ట్రాఫిక్ చట్టంతో థర్డ్ పార్టీ బీమాను తప్పనిసరి చేసినప్పుడు పాలసీకి తోడుగా విడిగా ఒక సర్టిఫికెట్‌ను పుట్టించింది. అది బండి యజమానికి అందేదాకా పాలసీయే చెల్లదంది. పేజీలకొద్దీ ఉండే ఒప్పందంతో పరాయివాడికి పనిలేదు, అతనికి కావలసిన నాలుగు ముక్కలూ ఒక్క కాగితం మీద ఉండాలి.

ఆ పద్ధతే మన 1939 మోటారు వాహనాల చట్టంలోకి వచ్చింది. చట్టం 1939లో మొదలైనా బీమా అధ్యాయం అమలైంది మాత్రం 1946 జులై 1న. అప్పటికి బ్రిటిష్ ఇండియాలో భాగం కాని హైదరాబాద్ రాజ్యానికి ఈ చట్టం విలీనం తర్వాతే చేరింది. తర్వాత వచ్చిన 1988 చట్టమూ సర్టిఫికెట్‌నే పట్టుకుంది. ఫారం 51 అంటే సర్టిఫికెట్, ఫారం 52 అంటే అరవై రోజులు చెల్లే కవర్ నోట్. ఇక్కడ ఒక అభ్యంతరం వినిపిస్తుంది: ఎవరి కోసమని పేరుపెట్టినా చివరికిది చలానా రాసుకునే సాకేగా అని. రోడ్డు మీద జరిగేదాన్ని బట్టి చూస్తే ఈ మాటలో నిజముంది. కానీ చట్టం రాసిన తీరు దానికి సాక్ష్యమివ్వదు. అడిగినప్పుడు సర్టిఫికెట్ చేతిలో లేకపోతే ఏడు రోజుల్లోగా తాను చెప్పిన స్టేషన్‌లో చూపిస్తే ఆ ఒక్క కారణంతో శిక్ష వేయకూడదని 1988 చట్టమే అంది. 1989 నియమాలైతే ధ్రువీకరించిన నకలును రిజిస్టర్డ్ పోస్టులో పంపడానికి పదిహేను రోజులిచ్చాయి. బీమా లేకుండా నడపడం వేరే నేరం, దానికి జైలు కూడా ఉంది. కాగితం ఇంట్లో మరిచిపోవడాన్నీ బీమా కట్టకపోవడాన్నీ చట్టం ఎన్నడూ ఒకే గాటన కట్టలేదు. కట్టింది రోడ్డే.

రోడ్డుకు అంత పెత్తనం ఎలా వచ్చిందన్నది అసలు ప్రశ్న. బ్రిటన్ కంటే ముందే, 1927 నుంచి, అమెరికాలోని మసాచుసెట్స్ మోటారు బీమాను తప్పనిసరి చేసింది. అక్కడ బీమా రుజువు లేనిదే రిజిస్ట్రేషనే ఇవ్వలేదు, అంటే రుజువును బండిలో కాక ఆఫీసులో అడిగారు. బ్రిటన్‌లో కూడా కాగితం ఒంటరిగా లేదు. అద్దానికి అంటించే పన్ను బిళ్ళ కావాలంటే సర్టిఫికెట్ చూపాల్సి వచ్చేది. మన చట్టం కూడా పన్ను కట్టేటప్పుడు బీమా రుజువు అడిగేలా నియమాలు చేసుకునే అధికారం రాష్ట్రాలకిచ్చింది. స్కూటర్లకూ కార్లకూ లైఫ్ ట్యాక్స్ వచ్చాక ఆ గేటు మూతపడింది. రిజిస్ట్రేషనా, పదిహేనేళ్ళకు ఒకసారి. లారీలకూ బస్సులకూ ఫిట్‌నెస్ పరీక్ష ఉంది కాబట్టి వాటి కాగితాలు అప్పుడప్పుడైనా ఆఫీసు మెట్లెక్కుతాయి. సొంత బండికి కొన్న రోజు తర్వాత బీమా ఉందా అని అడిగే చోటు దాదాపు రోడ్డొక్కటే మిగిలింది. పన్ను కట్టేవాడికి సౌకర్యంగా తోచిన సంస్కరణ గాయపడ్డవాడి రక్షణలో ఒక అంచెను తీసేసిందని నాకనిపిస్తుంది. సుప్రీంకోర్టు 2018 జులైలో కొత్త కార్లకు మూడేళ్ళ, బైకులకు అయిదేళ్ళ థర్డ్ పార్టీ బీమా ఒకేసారి తీసుకోవాలని ఆదేశించింది. ఏటా అడిగేవాడు లేనప్పుడు కొన్ననాడే ఎక్కువ కాలానికి కట్టించడం తప్ప దారి ఏముంది?

అదే ఏడాది నవంబరులో నియమం మార్చి ఫోనులోని పత్రాలకూ కాగితంతో సమానమైన చెల్లుబాటు ఇచ్చారు. తెలంగాణ రవాణా శాఖ ఎం-వాలెట్ యాప్ అంతకు ముందే, 2016లో, వచ్చింది. బ్రిటన్ మరింత ముందుకెళ్ళి, 2001 నుంచి బీమా ఉన్న బళ్ళ వివరాలన్నీ ఒకేచోట పెట్టుకుని, 2014 అక్టోబరు 1న పన్ను బిళ్ళనే ఎత్తేసింది. మరి ఇంకా జేబులో రుజువెందుకు అని అడగడం న్యాయమే. పోలీసు వరకైతే ఆ అవసరం తగ్గిపోయిందని ఒప్పుకుంటాను. కానీ కంప్యూటరులో కనబడేది కంపెనీ పంపిన వివరమే. నిన్న కట్టిన పాలసీ ఈరోజుకు ఎక్కకపోవచ్చు, పాత బండి నంబరు తప్పుపడవచ్చు, నకిలీ పాలసీలు అమ్మి పట్టుబడ్డవాళ్ళూ ఉన్నారు. పైగా ట్రిబ్యునల్‌లో పరిహారం అడిగేవాడికి గడువు తేదీ ఒక్కటి సరిపోదు, కంపెనీ పేరు, పాలసీ నంబరు కావాలి. క్లెయిము వచ్చినప్పుడు ఆ వివరాలు చెప్పి తీరాల్సిన బాధ్యతను 1988 చట్టం బండి యజమాని మీదే పెట్టింది. కేంద్ర రవాణా శాఖ ఎంపరివాహన్ యాప్‌లో ఎదుటి బండి నంబరు కొట్టి బీమా ఉందో లేదో ఇప్పుడు ఎవరైనా చూడవచ్చు. 1930లో సర్టిఫికెట్ ఎవరి కోసం పుట్టిందో అతని చేతికి, డ్రైవరు దయతో పనిలేకుండా, అది కొంతవరకైనా ఇలా అందుతోంది. అయితే దెబ్బతిన్న కూలీ చేతిలో ఆ యాప్ ఉన్న ఫోను ఉండాలి, నంబరు ప్లేటు కనబడాలి.