బోలుపూరు బడి

ఈ వార్షిక సంచికకు విద్యావిషయమున నొక వ్యాసము వ్రాయుడని సంఘ కార్యదర్శిగారు మమ్ము కోరిరి. మన సంఘము నడుపుచున్న చిన్న పాఠశాలను పట్టణమందలి యొక పెద్ద విద్యాసంస్థలో కలిపివేయవలెనను ప్రతిపాదన యీ మహాసభలో చర్చకు రానున్నది. కావున ఉపన్యాసధోరణి విడిచి, చిన్న బడి యేమి చేయగలదో, ఏమి చేయజాలదో తెలుపు నొక చరిత్రను మహాశయుల యెదుట నుంచుచున్నాము.

వంగదేశమున బోలుపూరు చెంత మహర్షి దేవేంద్రనాథ ఠాకూరుగారు 1863లో కొంత బీడునేల సంపాదించిరి. రెండు సప్తపర్ణ వృక్షముల నీడయే వారి ధ్యానస్థానము. శాంతినికేతన మదియే. 1901 డిసెంబరు 22వ తేదీన వారి కుమారుడు రవీంద్రనాథుడు అచ్చట బ్రహ్మచర్యాశ్రమమను బడిని తెఱచెను. విద్యార్థు లయిదుగురు, అం దొకడు ఆయన పెద్ద కుమారుడు రథీంద్రుడు. బాల్యమున రవీంద్రుడు బడి వెంట బడి మాఱియు ఒక్కదానియందును నిలువజాలకపోయెను. ఆ బాధ యెఱిగినవాడు గనుకనే చెట్ల క్రింద తరగతులు పెట్టెను.

ధన మెక్కడిది? భార్య మృణాళినీదేవి తన నగ లిచ్చెను. పూరీలోని గృహ మమ్ముడువోయెను. 1902లో ఆమె గతించెను. మఱుసటి యేట కుమార్తె రేణుక, 1907లో చిన్న కుమారుడు శమీంద్రుడు పోయిరి. బడి మాత్రము మూతపడలేదు. మొదట విద్యార్థులయొద్ద జీతము పుచ్చుకొనలేదు గాని, వ్యయము భరింపరాక కొంతకాలమునకు పుచ్చుకొనవలసి వచ్చెను. ఆశ్రమమును స్తుతించువారు ఈ సంగతి దాటవేయుదురు. దాతలు దీనిని తెలిసికొనుటయే మేలు.

ఉపాధ్యాయులను రవీంద్రుడు పట్టములు చూచి యెన్నుకొనలేదు. గణితము, ప్రకృతిశాస్త్రము చెప్పిన జగదానంద రాయి వారి జమీందారీ కొలువులో నుండినవాడు. గ్రహనక్షత్రములను గూర్చియు, పురుగులను బక్షులను గూర్చియు బాలురకు దెలియు వంగభాషలో గ్రంథములు వ్రాసెను. మాకు మిక్కిలి ప్రీతిపాత్రుడు హరిచరణ వంద్యోపాధ్యాయుడు. ఈయనయు పతిసరు కచ్చేరిలో లెక్కలు చూచుకొనువాడే. రాత్రులేమి చేయుదువని రవీంద్రు డడుగగా, సంస్కృతము చదువుకొందునని చెప్పెనట. 1902లో ఆయనను బడికి రప్పించిరి. 1905లో రవీంద్రుని ప్రోద్బలమున వంగభాషా నిఘంటువు నారంభించెను. నడుమ పోషణము చాలక కలకత్తా పోయి వేఱొక కొలువున జేరవలసివచ్చెను. అప్పుడు కాసింబజారు మహారాజు మణీంద్రచంద్ర నందిగారు నెలకు 50 రూపాయలిచ్చుట కంగీకరింపగా, హరిచరణుడు మరల ఆశ్రమమునకు వచ్చెను. 1932లో ముద్రణ మొదలై, 105 భాగములుగా ఆ నిఘంటువు వెలువడెను. సంస్కృతము చెప్పుకొని బ్రదికిన మావంటి వారికి ఆ 50 రూపాయల విలువ యెంతయో వేఱుగా జెప్పనక్కఱలేదు.

అచ్చటి బాలురకు చదువొక్కటే దినచర్య గాదు. వేకువ లేచుట, పాటలు పాడుట, తోటపని, ఋతూత్సవములు, నాటకములు, తమ తప్పొప్పులను తామే విచారించుకొనుట – ఇవన్నియు గలవు. 1908లో రవీంద్రుడు ‘శారదోత్సవము’ రచించినది బాలురు ప్రదర్శించుటకే. 1915 మార్చి 10వ తేదీన గాంధీమహాత్ముని ప్రేరణమున గురువులును శిష్యులును వంటయు, ఊడ్చుటయు, పాకీపనియు తామే చేయ నారంభించిరి. అది కొలదికాలమే సాగినను, ఆ తేదీని ఆశ్రమమువారు నేటికిని పాటింతురు. రథీంద్రుడు ప్రవేశపరీక్షలో కృతార్థుడై, సహాధ్యాయి సంతోషచంద్ర మజుందారుతో 1906లో అమెరికాలోని ఇల్లినాయ్ విశ్వవిద్యాలయమునకు వ్యవసాయశాస్త్రము చదువ బోయెను. కొయ్యపనియందును తోలుపనియందును నిపుణుడాయెను. 1951లో విశ్వభారతి కేంద్ర విశ్వవిద్యాలయమైనపుడు దాని ప్రథమ ఉపాచార్యు డాతడే.

లోపములు లేకపోలేదు. భారమంతయు ఒక్కని భుజములపై నుండెను, అప్పులు తీఱలేదు. 1911 ప్రాంతమున తూర్పువంగ ప్రభుత్వము, తన యుద్యోగుల కుమారుల కా బడి తగదని రహస్యముగా ఉత్తరువు పంపగా, కొందఱు పిల్లలు మానిరి. ఎవరి అధికారమునకును లోబడని బడికి ఇట్టి వెల తప్పదు.

మన దేశమునను అట్టి పూనిక లేకపోలేదు. 1910లో బందరున కోపల్లె హనుమంతరావుగారు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్యగార్ల సహకారమున ఆంధ్ర జాతీయ కళాశాలను నెలకొల్పిరి. అక్షరములతోడనే చేతిపనులును, చిత్రలేఖనమును నేర్పిరి. ప్రమోదకుమార చట్టోపాధ్యాయు డచ్చట చిత్రకళ బోధింపగా, అడివి బాపిరాజుగారు శిష్యులైరి. బెజవాడ గోపాలరెడ్డిగారు బందరున చదివి, పిదప శాంతినికేతనమునకు బోయి చదివిరి. రవీంద్రుని కృతులు తెనిగించిరి. 1955లో ఆంధ్రరాష్ట్ర ముఖ్యమంత్రియైరి.

ఇక మా తప్పొకటి చెప్పుకొనవలెను. మేము ముప్పదియేండ్లు ఒక పెద్ద పాఠశాలలో సంస్కృతాంధ్రములు బోధించితిమి. తరగతికి అఱువదిమంది. కడపటి బల్లపై గూర్చుండు నొక బాలుడు రామశబ్దము అప్పగింపలేకుండెను, మందుడని తలచితిమి. బల్లను చాకుతో చెక్కి పాడుచేసినాడని ఒకనాడు వానిని దండించితిమి. కొన్నాళ్లకు వాడు బడి మానెను. పండ్రెండేండ్ల పిమ్మట ఒక గ్రామమున రథోత్సవము చూడబోయి, రథముపై క్రొత్తగా చెక్కిన దశావతారములకు అచ్చెరువంది, శిల్పి యెవరని యడిగితిమి. వాడే వచ్చి మా పాదములంటి, “మాస్టారూ, ఆ బల్ల ఇంకా ఉందా అండీ?” అని యడిగెను. మాకు నోట మాట రాలేదు. ఆ యేడు చివఱి వఱకు వాని పేరైనను మే మెఱుగము. హాజరుపట్టీలోని యంకెయే యెఱుగుదుము.

మన పాఠశాలలో నేడు తరగతికి ఇరువదిమంది. ఒకే పంతులుగారు లెక్కలును చెప్పి, మద్దెలయు వాయింతురు. ప్రయోగశాల లేదు; వానకు పడమటి గది కారును. కలిపివేయవలెనను వారు ఈ కొఱతలనే చూపుచున్నారు, అవి నిజములే. అయినను, తీర్మానముపై చేయెత్తుటకు ముందు దాతలు ఒక్కపూట తరగతిలో గూర్చుండి చూడవలెనని మా ప్రార్థన. బడి ఉదయము 9 గంటలకు తెఱచెదరు. మేమును వాకిటనే యుందుము.