మధుపర్కాల నుంచి మగ్గం వర్క్ దాకా: పెండ్లి బట్టల పుట్టుపూర్వోత్తరాలు

చివ్వెంలలో ఏ ఇంట్లో లగ్నపత్రిక రాసుకున్నా ఆ వెంటనే మొదలయ్యే మాట ఒకటుంది: ‘బట్టలు ఎక్కడ తీద్దాం?’ దగ్గరలో సూర్యాపేట ఉంది. కిందికి పోతే కోదాడ, ఇంకో పక్క మిర్యాలగూడ. మనసు ఇంకా పెద్దదైతే 65వ నంబరు జాతీయ రహదారి ఎక్కి హైదరాబాదుకో విజయవాడకో పోవచ్చు. సూర్యాపేట ఆ రెంటికీ దాదాపు సగం దూరంలో ఉంటుంది. ఎటు పోయినా చేతిలోని చీటీ మాత్రం ఒకటే. ప్రధానం చీర, పీటల మీదికి పట్టుచీర, మధుపర్కాలు, పిల్లగాడికి పంచె, కండువా, రిసెప్షన్‌కు సూటో షేర్వాణీయో, ఒడిబియ్యం చీర, ఆడబిడ్డలకూ మేనత్తలకూ పెట్టుబట్టలు.

ఆ చీటీలో ఒక్కో వరుసది ఒక్కో వయసు. కొన్ని వేదకాలపు ఆచారం నుంచి వచ్చాయి, కొన్ని రాజుల కాలంలో, కొన్ని మన నాయనమ్మల కాలంలో, మరికొన్ని నిన్నగాక మొన్న చేరాయి. ఏది ఎప్పుడు వచ్చిందో తెలుసుకుంటే ఎక్కడ ఖర్చు పెట్టాలో, ఎక్కడ చెయ్యి బిగించాలో కూడా తెలుస్తుంది.

తేనె, పెరుగు, తెల్లబట్ట

చీటీలో అన్నింటికన్నా చవకైనదే అన్నింటికన్నా పాతది. అదే మధుపర్కం. ఇంటికి వచ్చిన గురువుకు, రాజుకు, పెండ్లికొడుకుకు తేనె, పెరుగు కలిపి ఇచ్చి మర్యాద చేయాలని గృహ్యసూత్రాలు చెబుతాయి. ఆ తీపి పానీయం పేరే మధుపర్కం. కన్యాదాత వరుణ్ని విష్ణుస్వరూపంగా భావించి కాళ్లు కడిగి, ఇది తాగించి, కొత్తబట్టలు పెట్టడం వివాహవిధిలో భాగం. తెలుగునాట కాలం గడిచేకొద్దీ పానీయం నామమాత్రమైపోయి, దాని పేరు పక్కనే ఉన్న బట్టలకు దక్కింది. ఇవాళ దుకాణంలో ‘మధుపర్కాలు చూపించండి’ అంటే తేనె సంగతి ఎవరికీ గుర్తు రాదు. ఎర్ర అంచున్న తెల్లని నూలు చీర, పంచె తీసి ముందు పెడతారు.

చాలా ఇళ్లలో వీటిని మేనమామ తెస్తాడు. నీళ్లు తగలని కోరా బట్టకు పసుపు పెట్టి కట్టిస్తారు, కొందరు బట్టంతా పసుపు నీళ్లలో ముంచి తీస్తారు. మాంగల్యధారణకు ముందో తలంబ్రాలకు ముందో మార్చుకోవడం ఇంటింటి ఆనవాయితీని బట్టి ఉంటుంది. లక్ష రూపాయల చీర కట్టుకొని పీటల మీదికి వచ్చిన పెండ్లికూతురైనా ఆ ఘడియకు ఈ నూలుచీరలోకి రావలసిందే. ఉన్నవాళ్లూ లేనివాళ్లూ ఒకే రకం బట్ట కట్టుకోవడం తెలుగు పెండ్లిలోని గొప్ప సంగతి. పాశ్చాత్య దేశాల్లో పెండ్లికూతురి తెల్లగౌను ఆచారంగా స్థిరపడింది 1840లో విక్టోరియా రాణి పెండ్లి తర్వాతే. మన తెల్లచీరది అంతకన్నా చాలా పాత కథ.

పిల్లలమర్రి కాలపు నూలు

సూర్యాపేట పక్కనే పిల్లలమర్రి. కాకతీయుల సామంతులైన రేచర్ల నాయకులు కట్టించిన ఎరకేశ్వర, నామేశ్వర ఆలయాలు అక్కడ ఎనిమిది వందల ఏళ్లుగా నిలిచి ఉన్నాయి. కాకతీయ శిల్పాల్లో స్త్రీమూర్తుల అలంకరణ చూస్తే మెడనిండా హారాలు, చేతులకు కడియాలు, నడుముకు ఒడ్డాణం కనిపిస్తాయి. బట్ట మాత్రం నడుముకు చుట్టిన సన్నని వస్త్రమే. కుట్టిన జాకెట్టు ఊసే లేదు. ఆ కాలంలో గొప్పతనం నేత సన్నదనంలో ఉండేది.

13వ శతాబ్దం చివర మోటుపల్లి రేవును వర్ణించిన వెనిస్ యాత్రికుడు మార్కోపోలో, ఇక్కడి నూలుబట్టను సాలెగూడుతో పోల్చాడు. రాజులూ రాణులూ అది కట్టుకోవడానికి సంబరపడతారని రాశాడు. దాదాపు ఆ కాలపువాడే అయిన పాల్కురికి సోమనాథుడి కావ్యాల్లో రకరకాల బట్టల పేర్ల పట్టికలే దొరుకుతాయి. అందులో చీని రకాలూ ఉన్నాయి. అంటే పట్టు అప్పటికే తెలుసు. అయితే అది కోటలకూ కోవెలలకూ చెందిన సరుకు.

పట్టు మండపంలోకి వచ్చిన దారి

మామూలు ఇళ్లలోకి పట్టు మొదట మడి పేరుతో వచ్చింది. నూలుబట్టను ప్రతిసారీ తడిపి ఆరేస్తేనే మడి, పట్టుకు ఆ నియమంలో సడలింపు ఉంది. పూజకు, వ్రతానికి, పెండ్లికి పట్టు తగినదన్న నమ్మకం అలా బలపడింది. భద్రాచలంలో సీతారాముల కల్యాణానికి ప్రభుత్వం తరఫున పట్టువస్త్రాలు, ముత్యాల తలంబ్రాలు పంపే ఆనవాయితీని గోల్కొండ నవాబు తానీషా కాలం నుంచి లెక్కిస్తారు. దేవుడి పెండ్లికి ఏది పెడితే ఇంటి పెండ్లికీ అదే కావాలనిపించడం సహజం.

ఇవాళ సూర్యాపేట, కోదాడ దుకాణాల్లో పెండ్లికూతురి చీర అనగానే ముందు పరిచేది కంచిపట్టు. కృష్ణదేవరాయల కాలంలో తెలుగునేల నుంచి వలస వెళ్లిన దేవాంగులు, సాలీలు కంచిలో మగ్గాలు పెట్టారని చెబుతారు. ఆ లెక్కన కంచిపట్టులోనూ తెలుగువాళ్ల చెయ్యి ఉంది. దాని బరువుకూ మెరుపుకూ మూలం జరీ. అసలు జరీ అంటే పట్టుపోగుకు వెండి తీగ చుట్టి, పైన బంగారు పూత పూసింది. సూరత్ దానికి పెద్ద కేంద్రం. వెండి ధర పెరిగేకొద్దీ రాగి తీగ జరీ, ఆ తర్వాత ప్లాస్టిక్ జరీ వచ్చాయి. చీరల ధరల్లో అంత తేడా ఉండటానికి జరీ ఒక ముఖ్య కారణం.

మన రోడ్డు మీది మగ్గాలు

కంచి కోసం ఎదురుచూసే కుటుంబాలు హైదరాబాదుకు పోయే దారిలో చౌటుప్పల దాటుతూనే ఒక నేత ప్రపంచం పక్క నుంచి వెళ్లిపోతాయి. రోడ్డు మీద కొయ్యలగూడెం, ఒక పక్క పుట్టపాక, ఇంకొంచెం ముందుకు పోతే భూదాన్ పోచంపల్లి. ఇవన్నీ నిన్నమొన్నటి దాకా సూర్యాపేటతో పాటు ఒకే నల్లగొండ జిల్లా. సూర్యాపేట వేరు జిల్లా అయింది 2016 అక్టోబర్ 11న.

ఈ ఊళ్ల ఇక్కత్ నేత చీరాల వైపు నుంచి వచ్చింది. చీరాలలో తేలియా రుమాలు అనే చదరపు బట్ట కోసం నూలును నూనెలోనూ ఆముదపు కాయల బూడిద నీళ్లలోనూ రోజుల తరబడి నానబెట్టి పిసుకుతారు. అప్పుడే ఎరుపు రంగు పోగులోకి దిగి పట్టుకుంటుంది. మెత్తగా, చల్లగా ఉండే ఆ చౌకాలు అరబ్ దేశాలకు ఓడలెక్కాయి, ఇక్కడ గొల్లలకూ బెస్తలకూ తలపాగలయ్యాయి. 1915 ప్రాంతంలో ఆ పనితనం పోచంపల్లికి చేరింది. చౌకాలుగా మొదలైన నేత 20వ శతాబ్దం రెండో సగంలో పట్టుచీరగా ఎదిగింది. పోచంపల్లి ఇక్కత్‌కు 2005లో, పుట్టపాక తేలియా రుమాలుకు 2020లో భౌగోళిక గుర్తింపు దక్కింది. పుట్టపాక నేతకారులు గజం గోవర్ధన 2011లో, గజం అంజయ్య 2013లో పద్మశ్రీ అందుకున్నారు.

ఇక్కత్‌లో డిజైన్ మగ్గం మీద పుట్టదు, మగ్గం ఎక్కకముందే పోగుల్లో ఉంటుంది. ముందు ఆసు పోయాలి. అర్ధచంద్రాకారంలో మేకులు దిగిన చట్రం మీద పోగును అటూ ఇటూ చుట్టడమే ఆ పని. తర్వాత లెక్క ప్రకారం చిటికి కట్టాలి, అంటే రంగు అంటకూడని చోట పోగులను బిగించి కట్టేయాలి. రంగులో ముంచి, ఆరబెట్టి, విప్పి, ఇంకో రంగుకు మళ్లీ కట్టాలి. ఒక్క పేకకే ఇలా చేస్తే ఒక రకం, పడుగుకూ పేకకూ రెంటికీ చేస్తే డబుల్ ఇక్కత్. అది నేసే చోట్లు ప్రపంచంలోనే కొద్ది. గుజరాత్‌లో పటాన్, మన నల్లగొండ పల్లెలు, ఇండోనేషియాలో బాలి దీవి, జపాన్.

ఆసు పని ఎక్కువగా ఆడవాళ్లది. ఒక్క చీరకు చెయ్యి వేలసార్లు ఆడాలి, భుజం పడిపోతుంది. ఆలేరు దగ్గరి శారాజీపేటలో తల్లి లక్ష్మి పడే ఈ బాధ చూడలేక చింతకింది మల్లేశం ఏళ్ల తరబడి కష్టపడి ఆసు యంత్రం తయారుచేశాడు. దానికి తల్లి పేరే పెట్టాడు. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. 2017లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. పెండ్లికూతురి భుజం మీద పడే పోచంపల్లి కొంగు వెనక ఇంకొక ఆడమనిషి భుజం నొప్పి ఉంటుందన్నది కొనేవాళ్లు మరవకూడని విషయం.

పిల్లగాడి పంచె, షేర్వాణీ

పెండ్లికొడుకు చీటీ చిన్నదే అయినా అందులోనూ చరిత్ర ఉంది. గద్వాల సంస్థానం పేరు మీద తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏరువాడ జోడు పంచెలు నేసి సమర్పించే సంప్రదాయం ఇవాళ్టికీ నడుస్తోంది. నియమనిష్ఠలతో నేసే ఆ పంచెలను మూలవిరాట్టుకు కడతారు. అదే ఊరి చీరలో నడుము నూలు, అంచూ కొంగూ పట్టు. రెంటినీ మగ్గం మీదే కలిపే పనిని కుప్పడం అంటారు. 2010లో గద్వాల చీరకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. షేర్వాణీ నిజాం దర్బారు నుంచి వచ్చిన దుస్తు. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో ఉద్యోగస్తుల వేషం, ఇప్పుడు చివ్వెంల ఫంక్షన్ హాలు స్టేజీ మీద పెండ్లికొడుకు వేషం.

ముడి రవిక నుంచి మగ్గం దాకా

చీర వెంటే వచ్చే జాకెట్టుది చిన్న వయసు. తెలంగాణ పల్లెల్లో నిన్నటి తరం ముసలమ్మలు ముందువైపు ముడివేసే రవిక తొడిగేవారు. కుట్టిన జాకెట్టు, లోపల లంగా, పైన చీర అనే పద్ధతి 19వ శతాబ్దం రెండో సగంలో నగరాల్లో మొదలైంది. ఠాగూర్ ఇంటి కోడలు జ్ఞానదానందినీ దేవి బొంబాయిలో ఉండి వచ్చి, బెంగాలీ స్త్రీలలో దీన్ని ప్రచారం చేసింది. కుట్టుమిషన్లు ఊళ్లకు చేరాక జాకెట్టు అందరిదీ అయింది.

మగ్గం వర్క్ అంతకన్నా కొత్తది. పేరుకు మగ్గమే గానీ అక్కడ నేత ఏమీ ఉండదు. నాలుగు కర్రల చట్రానికి గుడ్డను బిగించి, కొక్కెం సూదితో జర్దోసీ, కుందన్, పూసలు కుట్టడమే. ఉత్తరాది నవాబుల దర్బారుల్లో బతికిన ఆరీ పని ఇది. ఇవాళ చాలా పెండ్లిళ్లలో జాకెట్టు కూలి ఒక మంచి చీర ధరను దాటుతోంది.

చివ్వెంల మండలంలోనూ మిర్యాలగూడ చుట్టూనూ ఉన్న తండాల్లో ఇలాంటి కుట్టుపని కొత్తేమీ కాదు. లంబాడీ పెండ్లికూతురు తొడిగే కాంచళి, ఫేటియా, తలమీది టుక్రీ అద్దాలతో, గవ్వలతో, నాణేలతో ఇంటి ఆడవాళ్లే కుట్టుకున్నవి. పట్టుచీరల తాకిడిలో అవి పెట్టెల్లోకి పోతున్నాయి. పెండ్లిలో కనీసం ఒక్క పూటైనా వాటికి చోటివ్వడం న్యాయం.

నలుగు, గోరింట, పారాణి

బట్ట ఎంత మంచిదైనా కట్టుకునే ఒంటికి కళ కావాలి. అందుకే పసుపు దంచడం, నలుగు, మైలపోలు వంటివి పెండ్లికి ముందు వరుసగా వస్తాయి. నలుగులో పెసరపిండి, శనగపిండి, పసుపు, కచ్చూరాలు కలుస్తాయి, నువ్వులనూనె రాసి రుద్దుతారు. పసుపులో సున్నం కలిపితే ఎర్రబడి పారాణి అవుతుంది. మధుపర్కాల పసుపుకు సబ్బు తగిలితే ఎర్రమరకలు పడేదీ ఆ గుణం వల్లే. ఎండ తగిలితే పసుపు రంగు వెలిసిపోతుంది గనుక ఆ బట్టలను నీడన ఆరేయాలి.

గోరింటాకు రంగు పెట్టిన రోజుకన్నా మరుసటి రోజు, ఆ మరుసటి రోజు ముదురుతుంది. కాబట్టి ముహూర్తానికి ఒకటి రెండు రోజుల ముందు పెట్టుకోవడం మంచిది. గంటలో నల్లగా పండుతుందనే కోన్లలో జుట్టురంగు రసాయనం కలిసి ఉండవచ్చు. దానితో చేతులు బొబ్బలెక్కిన పెండ్లికూతుళ్లు ఉన్నారు. కొత్త క్రీములు, బ్లీచింగులు ఆఖరి వారంలో వద్దే వద్దు. ఏది వాడాలన్నా నెల ముందు ముంజేతి మీద రాసి చూసుకోవాలి.

దుకాణానికి పోయే ముందు

వేసవి ముహూర్తమైతే బరువైన జరీ చీరలో గంటలు కూర్చోవడం శిక్షే. అలాంటప్పుడు పట్టు, నూలు కలిసిన గద్వాల సికో చీర గానీ తేలికపాటి పోచంపల్లి పట్టు గానీ నయం. జాకెట్టును వేసి చూసుకోవడానికి పెండ్లికి రెండు వారాల ముందే దర్జీ దగ్గరికి పోవాలి. చీరను ఒకసారి ఇంట్లో కట్టుకొని కూర్చుని, లేచి, నడిచి చూడాలి.

ఇక్కత్ చీర తీసేటప్పుడు తిరగేసి చూడండి. నేసినదైతే డిజైన్ రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది, అచ్చు వేసిన నకిలీదైతే వెనకవైపు వెలవెలబోతుంది. పట్టుకు సిల్క్ మార్క్, చేనేతకు హ్యాండ్లూమ్ మార్క్ చీటీ అడగండి. అంచున రెండు పోగులు లాగి కాలిస్తే అసలు పట్టు వెంట్రుక కాలిన వాసన వేసి బూడిదవుతుంది, పాలిస్టర్ కరిగి ఉండకడుతుంది.

పెండ్లి చీటీ రాసేటప్పుడు ఒక్క వరుస నల్లగొండ మగ్గానికి కేటాయించండి. మూడు నెలల ముందు చెబితే కోరిన రంగులో, కోరిన అంచుతో నేసి ఇచ్చే నేతకారులు పుట్టపాకలో, పోచంపల్లిలో ఉన్నారు. జాకెట్టు మీద పెట్టే ఖర్చులో సగం అటు మళ్లించినా ఆ ఇంట్లో మగ్గం ఆగకుండా ఆడుతుంది.